వెయ్యిలో ఏడు

శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఇంకా కొన్ని గుండ్లు మిగిలి ఉన్నాయి. రోడ్లకూ, వెంచర్లకూ, క్రషర్లకూ పోగా మిగిలినవి. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి ఎత్తిపెట్టినట్టుండే ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ రాతిలో యురేనియం ఉంది. కంగారు పడేంత లేదు, తవ్వుకుని బాగుపడేంతా లేదు. టన్ను రాయిని పిండి చేస్తే అందులో కొన్ని గ్రాములుంటుంది. లోకంలో చాలా గ్రానైట్ల సంగతి ఇంతే.

ఆ కాసింతలోనూ రెండు రకాల అణువులు కలిసి ఉంటాయి. రెండింటి కేంద్రకంలోనూ 92 ప్రోటాన్లే. తేడా న్యూట్రాన్లలో ఉంది. ఒకదాని బరువు 238, రెండోదాని బరువు 235. వెయ్యి అణువులు లెక్కపెడితే 993 మొదటి రకానివి, ఏడు మాత్రం రెండో రకానివి. మెల్లగా వచ్చే న్యూట్రాన్ తగిలినా రెండు ముక్కలై, వేడినిచ్చి, మరో రెండు మూడు న్యూట్రాన్లను వదిలేది ఈ ఏడే. ఒక్క గ్రాము యురేనియం 235 పూర్తిగా చీలితే వచ్చే వేడి కరెంటు యూనిట్ల లెక్కలో దాదాపు 23,000. మిగతా 993 చాలావరకు ఆ న్యూట్రాన్లను మింగి కూర్చుంటాయి. ఆ ఏడింటి వాటాను పెంచడాన్నే యురేనియాన్ని సంపన్నం చేయడం అంటారు. గత ఎనభై ఏళ్ల ప్రపంచ రాజకీయాల్లో ఎన్నో తగాదాలు ఈ పని ఎవరు చేయాలి, ఎంతవరకు చేయాలి అన్నదాని చుట్టూ తిరిగినవే.

ఈ ‘ఏడు’ అన్న అంకె శాశ్వతం కాదు. రెండు రకాలూ తమంతట తామే క్షీణిస్తుంటాయి, కాకపోతే వేరు వేరు వేగాలతో. యురేనియం 238 సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. యురేనియం 235కి 70 కోట్ల ఏళ్లు చాలు. ఆ లెక్కన వెనక్కి వెళ్తే, శంషాబాద్ గుండ్లు కరిగిన శిలాద్రవంగా ఉండి గడ్డకట్టిన రోజుల్లో వాటిలోని యురేనియంలో 235 వాటా వెయ్యికి యాభై పైచిలుకే. అంటే ఐదు శాతం దాటి. ఇవాళ ప్రపంచంలోని మామూలు అణు రియాక్టర్లు కోట్ల రూపాయలు పోసి కొనుక్కునే ఇంధనంలో ఆ వాటా మూడు నుంచి ఐదు శాతం మధ్య ఉంటుంది. ఆ రోజుల్లో భూమ్మీద ఎక్కడ తవ్వినా దొరికింది అదే.

ఇది ఉత్త కాగితం లెక్క కాదు. 1972లో ఫ్రాన్స్‌లోని పియర్‌లాట్‌లో, యురేనియాన్ని సంపన్నం చేసే కర్మాగారంలో నమూనాలు పరీక్షిస్తుంటే ఒక చిన్న తేడా కనబడింది. 0.7202 శాతం ఉండాల్సిన యురేనియం 235, 0.7171 దగ్గర ఆగింది. ఇంకే ఖనిజంలోనైనా ఇంత తేడాను ఎవరూ పట్టించుకోరు. కానీ యురేనియం 235 లెక్క తేలకపోతే అది ఎవరి చేతిలో పడిందోనన్న భయం ఉంటుంది. ఆరా తీస్తే సరుకు ఆఫ్రికాలోని గాబన్ దేశంలో, ఓక్లో గని నుంచి వచ్చిందని తేలింది. సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట అక్కడి ఖనిజంలోకి నీరు దిగి, న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించి, మనిషి ప్రమేయం లేకుండానే అణు రియాక్టర్లు రాజుకున్నాయి. నీరు మరిగి ఆవిరైతే ఆరిపోవడం, మళ్లీ నీరు దిగితే రాజుకోవడం, ఇలా లక్షల ఏళ్లు సాగింది. ఇవాళ అది జరగదు. కాలం ఆ వాటాను వెయ్యికి ఏడు దాకా అరగదీసింది. అణు శాస్త్రవేత్తలు యంత్రాలతో చేస్తున్నది ఒక విధంగా ఈ అరిగిపోయిన వాటాను వెనక్కి రాబట్టడమే.

రాబట్టడం ఎందుకంత కష్టం? రసాయన శాస్త్రానికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు గనక. ఎలక్ట్రాన్లు రెండింటికీ 92. ఏ ఆమ్లంలో ఒకటి కరిగితే రెండోదీ కరుగుతుంది, ఏ లవణంగా ఒకటి అడుగున చేరితే రెండోదీ చేరుతుంది. బంగారంలో రాగి కలిస్తే వేరు చేయవచ్చు, సీసంలో వెండి కలిసినా వేరు చేయవచ్చు. ఇక్కడ పట్టు దొరికేది ఒక్క బరువు దగ్గరే. యురేనియాన్ని ఫ్లోరిన్‌తో కలిపితే హెక్సాఫ్లోరైడ్ అవుతుంది. కొద్దిగా వేడి చేస్తే చాలు, 56 డిగ్రీల దగ్గరే ఘన స్థితి నుంచి నేరుగా వాయువవుతుంది. ఫ్లోరిన్‌కి సహజంగా ఒకటే రకం అణువు ఉండటం మన అదృష్టం. అందువల్ల అణు సముదాయాల బరువులో తేడా ఏదైనా ఉంటే అది యురేనియం వల్లే. ఒకటి 349, ఒకటి 352. కళ్లంలో గాలివాటుకు తూర్పారబట్టేటప్పుడు తాలు ఎగిరిపోయి గింజ దగ్గర పడటానికి కారణం రెండింటి బరువులో ఉన్న పెద్ద తేడా. గింజ కన్నా తాలు నూటికి ఒక వంతు కూడా తేలిక కాకపోతే ఎన్నిసార్లు తూర్పారబట్టాలి? సంపన్నం చేసే కర్మాగారాల కథంతా ఈ ప్రశ్నకు వెతికిన జవాబులే.

మొదటి జవాబు అమెరికా యుద్ధకాలంలో ఇచ్చింది. 1938 డిసెంబరులో జర్మనీలో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం చీలుతోందని కనిపెట్టారు. మెల్లని న్యూట్రాన్లకు చీలేది 235 మాత్రమే అయ్యుండాలని 1939 ఆరంభంలో నీల్స్ బోర్ ఊహించారు. 1940లో ఆల్ఫ్రెడ్ నీర్ మినెసోటాలో కంటికి ఆననంత 235ను వేరు చేసి పంపితే, కొలంబియాలో పరీక్షించి బోర్ మాట నిజమేనన్నారు. కంటికి ఆననంత నుంచి కిలోల దాకా వెళ్లడానికి టెనెసీ రాష్ట్రంలో ఓక్ రిడ్జ్ అనే ఊరినే కొత్తగా కట్టారు.

అక్కడి వై-12 కర్మాగారంలో ఎర్నెస్ట్ లారెన్స్ పద్ధతి వాడారు. విద్యుదావేశం ఎక్కించిన యురేనియం అణువులను అయస్కాంతాల మధ్య నుంచి పరుగెత్తిస్తే తేలికవి కాస్త ఎక్కువ ఒంపు తిరుగుతాయి, బరువైనవి కాస్త తక్కువ. ఆ అయస్కాంతాలకు చుట్టడానికి వేల టన్నుల రాగి తీగ కావాలి. యుద్ధంలో రాగి దొరకలేదు. అందుకని అమెరికా ఖజానాను వెండి అడిగారు. టన్నుల్లో అడిగితే ఖజానా అధికారి మేం వెండిని ఔన్సుల్లో కొలుస్తామని మందలించాడని చెప్పుకుంటారు. చివరికి 13,000 టన్నులకు పైగా వెండి అప్పుగా తెచ్చి తీగలుగా, పలకలుగా సాగదీసి చుట్టారు. ఆఖరి విడత 1970లో గానీ ఖజానాకు తిరిగి చేరలేదు. తరుగు దాదాపు లేనట్టే. ఆ యంత్రాల ముందు ఎత్తు స్టూళ్ల మీద కూర్చుని మీటలు తిప్పింది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు. చాలామంది అప్పుడప్పుడే హైస్కూలు ముగించినవాళ్లు. ముల్లు ఈ గీతల మధ్యే ఉండేట్టు చూడమన్నారు తప్ప, లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు. తామేం తయారు చేశారో వాళ్లకు హిరోషిమా వార్త వచ్చాక తెలిసింది. ఆ బాంబులో పట్టింది 64 కిలోల సంపన్న యురేనియం. అందులో చీలింది కిలోకి తక్కువే.

అదే ఊళ్లో కే-25 అనే ఇంకో కర్మాగారం. హెక్సాఫ్లోరైడ్ వాయువును అతి సన్నని రంధ్రాలున్న పొరల్లోంచి నెట్టడం దాని పని. తేలిక అణువులు కాస్త వేగంగా కదులుతాయి గనక కాస్త ముందు దూరతాయి. ఒక పొర దాటితే కలిగే లాభం ఎంత? గరిష్ఠంగా 1.0043 రెట్లు. అందుకే వేల దశలు, అర మైలు పొడవున సాగే భవనం, ఓ నగరానికి సరిపడే కరెంటు.

రెండో జవాబు గిరగిరా తిరిగే గొట్టం, అంటే సెంట్రిఫ్యూజ్. వర్జీనియాలో జెస్సీ బీమ్స్ 1934లోనే దాంతో క్లోరిన్‌లోని రెండు రకాల అణువులను వేరు చేసి చూపించారు. కానీ యుద్ధకాలంలో యురేనియానికి దాన్ని నిలబెట్టలేకపోయారు. అది కుదిరింది సోవియట్ యూనియన్‌లో, బందీలుగా తెచ్చిన జర్మన్, ఆస్ట్రియన్ శాస్త్రవేత్తల చేతుల్లో. వాళ్లలో ఒకరైన గెర్నాట్ జిప్పె 1956లో విడుదలయ్యాక, తాము చేసిన దాంతో పోలిస్తే పశ్చిమ దేశాలు వెనకబడి ఉన్నాయని చూసి, కాగితం ముక్క చేతిలో లేకుండా జ్ఞాపకం మీదే అమెరికాలో మళ్లీ తయారు చేసి చూపించారు. పొరల పద్ధతికి పట్టే కరెంటులో దీనికి యాభయ్యో వంతు చాలు. చిన్న షెడ్డులో ఇమిడిపోతుంది, పొగ రాదు, పెద్దగా చప్పుడూ వినపడదు. కరెంటు బిల్లు తగ్గిందని సంతోషించే లోపే దీన్ని దాచిపెట్టడమూ తేలికేనని లోకానికి అర్థమైంది. నెదర్లాండ్స్‌లో ఈ గొట్టాల పనికి సంబంధించిన కంపెనీలో ఉద్యోగం చేసిన ఎ.క్యూ. ఖాన్ 1975 చివర్లో నమూనాల వివరాలతో పాకిస్తాన్ వెళ్లిపోవడం, కహూటా కర్మాగారం లేవడం, ఆ తర్వాత అదే సరుకు ఇరాన్, లిబియా, ఉత్తర కొరియాల దాకా పాకడం అందరూ విన్న కథే.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. పత్రికల్లో ఇరాన్ గురించి 3.67 శాతం, 20 శాతం, 60 శాతం అని అంకెలు వస్తుంటే, బాంబుకు కావాల్సిన 90 ఇంకా చాలా దూరం అనిపిస్తుంది. వెయ్యి అణువులతో మొదలుపెట్టండి. అందులో ఏడు మనవి. నాలుగు శాతం చేరాలంటే ఆ ఏడింటి పక్కన 168 ఉంచుకుని 825 తీసి పారేయాలి. మిగిలింది 175. ఇరవై శాతానికి వచ్చేసరికి మిగిలేది 35. అరవై శాతానికి 12. తొంభైకి ఎనిమిది. ఎక్కువ శ్రమంతా మొదటి మెట్టులోనే అయిపోతుంది. కరెంటు కోసమని నాలుగు శాతం చేసినవాడు బాంబు దారిలో సగానికి పైగా నడిచినట్టే. ఇదేమీ రాజకీయ అభిప్రాయం కాదు, తీసివేతల లెక్క. 2015 ఒప్పందంలో ఇరాన్‌ను 3.67 దగ్గర కట్టేసింది ఈ లెక్క చూసుకునే.

ఇక మన హైదరాబాద్‌కి వద్దాం. శంషాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డెక్కి ఘట్‌కేసర్ దగ్గర దిగి లోపలికొస్తే ఈసీఐఎల్ ప్రాంతం. ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థను 1967లో నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరే ఏఎస్ రావు నగర్‌కి ఉంది. ఇవాళ అక్కడ ఫ్లాట్లు కొనేవాళ్లలో ఆ రావు ఎవరో తెలిసినవాళ్లు ఎంతమందో! పక్కనే 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్, అందరి నోట్లో ఎన్ఎఫ్‌సీ. దేశంలో ఎక్కడ యురేనియం ఉందో వెతికిపెట్టే అణు ఖనిజాల సంచాలక కార్యాలయమూ పాత విమానాశ్రయం ఉన్న బేగంపేటలోనే. జార్ఖండ్‌లోని జాదుగూడ నుంచీ, కడప జిల్లా తుమ్మలపల్లె నుంచీ పసుపు రంగు ముద్ద వచ్చి చేరేది ఎన్ఎఫ్‌సీకే. తుమ్మలపల్లె ఖనిజం మరీ పల్చన. టన్ను తవ్వితే నాలుగు వందల గ్రాములు రావడం గొప్ప. అందులో యురేనియం 235 మూడు గ్రాములకు తక్కువే.

ఆ ముద్దను నత్రికామ్లంలో కరిగిస్తారు. కిరోసిన్ లాంటి ద్రావణిలో కలిపిన రసాయనంతో యురేనియాన్ని ఒక్కదాన్నే లాగి, తక్కిన మలినాలను వదిలేస్తారు. అమ్మోనియా కలిపితే మళ్లీ పసుపు పచ్చని పొడి అడుగుకు దిగుతుంది. దాన్ని కాల్చి, హైడ్రోజన్‌లో వేడి చేస్తే నల్లటి ఆక్సైడ్. ప్రెస్సులో బిళ్లలుగా ఒత్తి 1,700 డిగ్రీల దగ్గర కొలిమిలో పెడతారు. లోపలికి వెళ్లిన బిళ్ల బయటికొచ్చేసరికి కుదించుకుపోతుంది. వేలి కొసంత బిళ్ల చేతిలో పెడితే ఇనుము కన్నా బరువు. వాటిని జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాల్లో నింపి, 19 గొట్టాలను ఒక కట్టగా బిగిస్తారు. కట్ట పొడవు అర మీటరు, బరువు పదహారు కిలోల పైన. 220 మెగావాట్ల రియాక్టరులో 306 దారులు, ఒక్కో దారిలో పన్నెండు కట్టలు. మొత్తం 3,672.

ఇంత పనిలోనూ వెయ్యికి ఏడు, వెయ్యికి ఏడుగానే ఉంటుంది. మట్టి పోయింది, ఇనుము పోయింది, బోరాన్ పోయింది. వాటా మారలేదు. పత్రికల్లో యురేనియం శుద్ధి అని ఒకే మాటతో రెండు పనులనూ రాస్తుంటారు గానీ, మలినాలు తీయడం వేరు, వాటా పెంచడం వేరు. ఎన్ఎఫ్‌సీ రోజూ చేసేది మొదటిదే.

అయినా ఆ ఆవరణలో ఎన్‌రిచ్డ్ యురేనియం ఆక్సైడ్ ప్లాంట్ అని ఒకటుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు మన ప్రభుత్వం ఇచ్చిన జాబితాలోనూ ఆ పేరుంది. అక్కడ సంపన్నం చేయరు. వేరే చోట సంపన్నమై వచ్చిన దాన్ని తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి ఇంధనంగా మలుస్తారు. 1969లో మొదలైన తారాపూర్ రియాక్టర్లు రెండూ అమెరికన్ రకం. మామూలు నీటితో నడుస్తాయి గనక సంపన్న యురేనియం తప్ప ఒంటదు. సరఫరా చేస్తామని 1963లో ఒప్పుకున్న అమెరికా, 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత 1978లో తన చట్టాన్ని మార్చుకుని చేతులెత్తేసింది. 1982 నుంచి ఫ్రాన్స్ ఇచ్చింది. పదేళ్లకు అదీ ఆగింది. 1995లో చైనా, 2001లో రష్యా. సరుకు పంపే దేశం మారినప్పుడల్లా ఢిల్లీలో దౌత్యవేత్తలు తలలు పట్టుకున్నారు.

ఆ ప్లాంటు చూడటానికి పక్కదాని లాంటిదే. అదే కరిగించడం, అదే అమ్మోనియా, అదే పసుపు పొడి. తేడా పాత్రల్లో ఉంటుంది. సహజ యురేనియాన్ని మామూలు నీటిలో ఎంత పెద్ద తొట్టెలో కలిపినా గొలుసు చర్య మొదలవదు. సంపన్నమైన దానికి ఆ భరోసా లేదు. కాబట్టి పాత్రలు సన్నగా ఉండాలి, ఒక్కోదానిలో ఎంత పోయాలో హద్దుండాలి. న్యూట్రాన్లు గోడల్లోంచి బయటికి జారిపోతుంటేనే అందరూ క్షేమం. ఈ సంగతి మరిస్తే ఏమవుతుందో జపాన్‌లో టోకైమురా చూపించింది. 1999 సెప్టెంబరు 30న అక్కడి కార్మికులు 18.8 శాతం సంపన్న యురేనియం ద్రావణాన్ని, పని తొందరగా తెమలాలని స్టీలు బకెట్లతో ఒక వెడల్పాటి తొట్టెలో పోశారు. అమ్మోనియా కలిపి పసుపు పొడిని దించే తొట్టె అది. ఏడో బకెట్ పడుతుండగా నీలి మెరుపు మెరిసింది. అక్కడున్న ముగ్గురిలో ఇద్దరు తర్వాత చనిపోయారు. తొట్టె సన్నగా ఉండుంటే ఆ రోజు ఏమీ జరిగేది కాదు.

ఇంత తలనొప్పి ఉన్న సంపన్నం జోలికి పోకుండా కరెంటు తీయలేమా? హోమీ భాభా తరం ఈ ప్రశ్న ముందే వేసుకుంది. వాళ్లకు దొరికిన దారి తెలుసుకోవాలంటే మణుగూరు వెళ్లాలి. రియాక్టరులో న్యూట్రాన్లను నెమ్మదింపజేయాలి. మామూలు నీటిలోని హైడ్రోజన్ ఆ పని బాగానే చేస్తుంది గానీ, మధ్యలో కొన్నింటిని తానే మింగేస్తుంది. వెయ్యికి ఏడున్న ఇంధనానికి ఆ నష్టాన్ని తట్టుకునే శక్తి లేదు. హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న భారజలం వాడితే మింగుడు దాదాపు ఉండదు. అప్పుడు సహజ యురేనియమే సరిపోతుంది. అంటే ఇంధనాన్ని సంపన్నం చేయడం మానేసి నీటిని సంపన్నం చేస్తాం.

నీటిలోనూ డ్యుటీరియం తక్కువే, ఆరేడు వేల హైడ్రోజన్ అణువులకు ఒకటి. కానీ ఇక్కడ బరువు తేడా ఏకంగా రెండు రెట్లు. రసాయన చర్యల్లో కూడా ఆ తేడా బయటపడుతుంది. యురేనియం దగ్గర చేతులెత్తేసిన రసాయన శాస్త్రం ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ మధ్య డ్యుటీరియం అటూ ఇటూ మారుతుంటుంది. చల్లగా ఉంటే నీటి వైపు ఎక్కువ మొగ్గుతుంది, వేడిగా ఉంటే ఆ మొగ్గు తగ్గుతుంది. ఎత్తయిన గోపురాల్లో ఒకటి చల్లగా, ఒకటి వేడిగా ఉంచి మళ్లీ మళ్లీ తిప్పితే డ్యుటీరియం పోగవుతుంది. అశ్వాపురం దగ్గర, గోదావరి నీళ్లూ సింగరేణి బొగ్గూ రెండూ అందే చోట 1991లో మొదలైన మణుగూరు భారజల కర్మాగారం పని ఇదే. ఆ వాయువు విషం. కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ఆ కంపు కూడా తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ప్రమాదం లేని దారేమీ కాదు. కాకపోతే ఆ ప్రమాదం మన రసాయన ఇంజనీర్లకు తెలిసిన రకం, ఎవరి చట్టం మారినా ఆగని రకం. ఎన్ఎఫ్‌సీ కట్టలు, మణుగూరు నీళ్లు కలిస్తే ఒక రియాక్టరు నడుస్తుంది. సెంట్రిఫ్యూజుతో పని లేదు.

దీనికి మూల్యం లేకపోలేదు. సహజ యురేనియం త్వరగా అయిపోతుంది. రియాక్టరు నడుస్తుండగానే రోజుకు కొన్ని కట్టలు మారుస్తూ ఉండాలి. కట్టలెక్కువ కావాలి, ఖనిజమూ ఎక్కువే కావాలి. 2008 ప్రాంతంలో దేశీయ ఖనిజం చాలక మన భారజల రియాక్టర్లు సగం సామర్థ్యంతో నెట్టుకొచ్చాయి. అదే ఏడాది సెప్టెంబరు 6న అణు సరఫరా దేశాల బృందం అణు సరుకు అమ్మకంపై ఉన్న ఆంక్షల నుంచి మనకు మినహాయింపునిచ్చింది. తర్వాత రష్యా, కజకిస్తాన్, ఫ్రాన్స్, కెనడా యురేనియం ఎన్ఎఫ్‌సీ గేటు దాటింది. విదేశీ సరుకు వాడే ప్లాంట్లలో ప్రతి కిలోకూ లెక్క చూపాలి. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నుంచి వచ్చే తనిఖీదారులు సీళ్లు చూసుకుని, కాటాల మీద తూచి, పద్దులతో పోల్చుకుని వెళ్తారు.

సంపన్నం చేయడం మనకు రాదని దీని అర్థం కాదు. 1986లో ఆ విద్య పట్టుబడిందని ప్రభుత్వం ప్రకటించింది. మైసూరు దగ్గర రట్టెహళ్లిలో 1990 ప్రాంతం నుంచి సెంట్రిఫ్యూజులు తిరుగుతున్నాయి. ఆ గొట్టాలు తట్టుకోవాల్సిన వేగానికి మామూలు ఉక్కు పనికిరాదు. మారేజింగ్ స్టీల్ అనే గట్టి రకాన్ని ప్రపంచ దేశాలు ఎగుమతి నియంత్రణ జాబితాలో పెట్టింది అందుకే. శంషాబాద్ నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా వచ్చేవాళ్లకు కాస్త పక్కగా తగిలే కంచన్‌బాగ్‌లో, మిధాని అనే ప్రభుత్వ లోహ సంస్థ 1980ల నుంచి ఆ జాతి ఉక్కు చేస్తోంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ తొడుగు ఆ ఉక్కుదే. రాకెట్‌కి పనికొచ్చేది గొట్టానికీ పనికొస్తుంది గనక, ఆ పేరు వినగానే కస్టమ్స్ అధికారులు రెండు జాబితాలు తిరగేస్తారు.

రట్టెహళ్లి సరుకు ఎవరికి? 2009 జులై 26న విశాఖపట్నంలో అప్పటి ప్రధాని భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి జలప్రవేశం చేయించిన అరిహంత్ జలాంతర్గామి అందుకు జవాబు. జలాంతర్గామి పొట్టలో భారజల రియాక్టరు పట్టదు. వేల కట్టలు, రోజూ మార్పిడి, పెద్ద తొట్టి, ఇవేవీ సముద్రం అడుగున సాగే పనులు కావు. చిన్న చోట ఎక్కువ వేడి పుట్టాలంటే వెయ్యికి ఏడు సరిపోదు. అరిహంత్ రియాక్టరు 2013 ఆగస్టులో రాజుకుంది. మణుగూరు చూపిన అడ్డదారి అక్కడితో ఆగిపోయింది.

నేల మీద కూడా ఆ భారజలం దారి ఎంతదూరం పోతుందో చెప్పలేం. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కట్టాలని ఏళ్లుగా అనుకుంటున్న ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లవి, మామూలు నీటి రకం. కట్టడమంటూ జరిగితే ఒక్కోదాని ఆయుష్షు అరవై ఏళ్లు. ఆ అరవై ఏళ్లూ అందులో పడేది మరొక దేశంలో సంపన్నమైన ఇంధనం. ఆ ఒప్పందంలో యంత్రాల ధర గురించి జరిగినంత బేరం ఇంధనం గురించి కూడా జరగాలి. తారాపూర్‌కి నాలుగు దేశాల గుమ్మాలెక్కిన కాగితాలు ఢిల్లీలో ఇంకా భద్రంగానే ఉండాలి, చదువుకునే ఓపిక ఉంటే.